ముట్టుకోవద్దన్న బకెట్టు

“జరుగండి, జరుగండి! ఎవురూ ముట్టుకోవద్దు!”

ధనుంజయ బకెట్టును రెండు చేతులా పట్టుకుని గడప దాటాడు. ఆదోని బస్సు దిగి ఇంటిదాకా దాన్ని అలాగే మోసుకొచ్చాడు.

“ఏమయ్యా, దాంట్లో బంగారముందా?” అంది భార్య కృష్ణకుమారి.

కోడలు సునీత తొంగి చూసింది. మురికినీళ్లలో జిడ్డుగా, నల్లగా ఓ స్పాంజి ముక్క.

“బంగారమే. చేపలమ్మే ఈరేష్ ఇచ్చినాడు. ఆయప్ప పెద్ద తొట్టిలో రెండేండ్లు నానిన స్పాంజి.”

“రెండేండ్ల గలీజు నట్టింట్లోకి తెచ్చినావా!”

“గలీజు కాదే. నువ్వు పాలకు తోడెయ్యవా? ఇదీ అంతే. దీంట్లో కంటికి కనపడని పురుగులుంటాయి. చేపల మలినాన్ని అవే తిని నీళ్లు బాగుచేస్తాయి. కొత్త ఫిల్టరులో అవి పుట్టాలంటే నెల పడుతుంది. ఇది పెడితే ఆదివారానికే చేపలు దించొచ్చు. కానీ ఎండిందా, అన్నీ సచ్చిపోతాయి. ఆనక చేపలూ బతకవు.”

అది సోమవారం. నీళ్లు తోడే మోటారు కర్నూలు నుంచి శనివారం గానీ రాదు. అంతవరకూ బకెట్టు పెరటి వసారాలో, బుడగలు వదిలే చిన్న గొట్టంతో సహా కాపురం పెట్టింది.

నలభై ఏళ్లు గుంతమగ్గంలో కూర్చున్న మనిషి ధనుంజయ. మోకాళ్లు మొరాయించి, మగ్గం తీసేసి, గుంత పూడ్చి సిమెంటు చేయించాక నెలల తరబడి పలకరించినా పలకలేదు. మూడు నెలల క్రితం కాపురానికొచ్చిన సునీత మామగారి నవ్వును చూడనేలేదు. ఇప్పుడు గుంత ఉన్నచోటే అయిదడుగుల గాజుతొట్టి వెలిసింది. మనిషికి ప్రాణం లేచొచ్చింది.

“సూడు పాపా,” అని తొట్టి మీది మూడు గదుల పెట్టెను కోడలికి చూపించాడు. “మోటారు నీళ్లను దీంట్లోకి ఎక్కిస్తుంది. మొదటి గదిలో దూది, నలకలు ఆడ ఆగుతాయి. రెండో దాంట్లో మన స్పాంజి. మూడో దాంట్లో ఈ పింగాణీ ఉంగరాలు. పురుగులు సంసారం పెంచుకునే ఇండ్లు.”

“ఇంట్లోవాళ్ల సంసారం కంటే పురుగుల సంసారం మీద ధ్యాస ఎక్కువైంది,” అంది కృష్ణకుమారి వంటింట్లోంచి.

బుధవారం చీరల బేరగాడు పిలిచాడంటూ ధనుంజయ ఆదోని వెళ్లొచ్చాడు. గురువారం చెల్లెలికి జ్వరమంటూ కృష్ణకుమారి వెళ్లొచ్చింది. ఇద్దరూ అలసిపోయి వచ్చారు, వస్తూనే నేరుగా పెరట్లోకి వెళ్లారు.

శుక్రవారం పొద్దున ఇంట్లో సునీత ఒక్కతే. చెవి దగ్గర ఫోను, ఫోనులో అమ్మ. మాట్లాడుతూనే వసారా ఊడ్చింది, మాట్లాడుతూనే కొంగు దోపింది. పుట్టింట్లోనూ మగ్గాలే. అద్దకం వేసిన నూలు పిండి, దులిపి, దండెం మీద వేస్తూ పెరిగిన చేతులు అవి. తడిసినది కనపడితే వాటికి మనసుతో పనిలేదు. గంట తర్వాత పెరట్లోకొచ్చి చూస్తే దండెం మీద క్లిప్పు పెట్టి మరీ వేలాడుతోంది స్పాంజి. ఎండకు అట్టముక్కలా బిగుసుకుపోయి ఉంది.

సునీత గబగబా తీసుకెళ్లి బకెట్టులో ముంచింది. చూడటానికి ఎప్పటిలాగే ఉంది. చచ్చినవి మాత్రం చచ్చే ఉంటాయి. మామగారి నవ్వు మళ్లీ ఆరిపోతే? అదీ తన చేతులమీదుగా?

మధ్యాహ్నం అన్నాల దగ్గర ధనుంజయ, “బకెట్టు బాగుందా?” అని అడిగాడు.

“బాగుంది మామా,” అంది సునీత, పళ్లెంలోకి చూస్తూ.

“బాగుండక ఏమవుతుంది? ఊరికే అడుగుతావేంది?” అని కసిరింది కృష్ణకుమారి. అత్తకు తెలిసిపోయిందనుకుంది సునీత.

శనివారం అమ్మను చూసొస్తానని చెప్పి ఆదోని బస్సెక్కింది. చేతిలో మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బా. బస్టాండు వెనక సందులో ఉంది ఈరేష్ కొట్టు.

“అన్నా, పాత స్పాంజి ఒకటి...”

“ఎండేసినావా?”

ఆమె ఉలిక్కిపడింది. “నీకెట్ల తెలుసు?”

“మగ్గాల ఇంటి పిల్లవా?”

“ఊ.”

“తడి కనపడితే చేతులూరుకోవు గదా మీకు!” పెద్ద తొట్టిలోంచి మరో ముక్క తీసి డబ్బాలో వేసి, నీళ్లు పోశాడు. “ఏ ఊరు తల్లీ? ఎవురి ఇల్లు?”

“అవన్నీ వద్దన్నా. ఎవురికీ సెప్పొద్దు, నీకు పుణ్యముంటుంది.” మారు మాటకు అందకుండా బయటపడింది.

సాయంత్రం ఇంట్లో ఎవరూ చూడకుండా స్పాంజి మార్చేసింది. చీకటి పడేలోగా మోటారూ వచ్చింది. నీళ్లు పెట్టెలోకెక్కి, మూడు గదులూ తిరిగి, సన్నటి ధారగా తొట్టిలోకి దూకాయి. ధనుంజయ పిల్లాడిలా చప్పట్లు కొట్టాడు.

ఆదివారం చేపల సంచులతో ఈరేషే స్వయంగా వచ్చాడు. ధనుంజయ వాకిట్లోనే ఎదురెళ్లి, ఆయన చెవిలో ఏదో ఊది లోపలికి తీసుకొచ్చాడు. సునీత తలుపు చాటుకు తప్పుకుంది.

సంచులు నీళ్లలో తేలాయి. మూతులు విప్పగానే వెండిరంగు చేపలు ఒక్కొక్కటే తోక ఆడించి అద్దం దాకా వచ్చాయి. “వచ్చినాయి, వచ్చినాయి!” అని ధనుంజయ వంగి వాటికేసి చూసి నవ్వాడు. ఆ నవ్వు చూడటానికి సునీత తనకు తెలియకుండానే ముందుకొచ్చేసింది. అదే సమయానికి కృష్ణకుమారి కాఫీ తెచ్చి, వచ్చిన మనిషిని చూసి, కొంగు మొహమ్మీదికి లాక్కుంది.

ఈరేష్ ధనుంజయను చూశాడు. కృష్ణకుమారిని చూశాడు. సునీతను చూశాడు. కాఫీ గ్లాసు పక్కన పెట్టి పొట్ట పట్టుకుని నవ్వాడు.

“స్పాంజి ఎండేసి నా కాడికి పరిగెత్తొచ్చిన ముగ్గురూ ఒకే ఇంటోళ్లా?”