భీమిలి ఆలిచిప్పలు

"వీటిని వేయించి పెట్టండి. లేదంటే పోటీలోంచి తప్పుకోండి," అన్నాడు సిద్ధార్థ.

ఫిల్మ్ నగర్ స్టూడియోలో టీవీ వంటల పోటీకి ఆఖరి రోజు షూటింగ్ జరుగుతోంది. సిద్ధార్థ ఆ కార్యక్రమానికి డైరెక్టరు. అతనికి ఎదురుగా లీలాకుమారి పొట్టి కత్తి పట్టుకుని నిలబడి ఉంది. ఆమె ముందు ఐసు పరిచిన పళ్లెంలో ఆలిచిప్పలు బూడిద రంగు రాళ్లలా ఉన్నాయి.

"వేయిస్తే రబ్బరు ముక్కలైపోతాయండి. ఇవి పచ్చిగానే తినాల," అంది లీలాకుమారి.

"జడ్జి ఎవరో తెలుసు కదా? శారదాదేవి గారు. నచ్చకపోతే పళ్లెం పక్కకి తోసేస్తారు."

"తోసెయ్యనీండి. ఒకటి తిన్నాక తోసెయ్యమనండి."

సిద్ధార్థ తల పట్టుకుని కెమెరా వైపు వెళ్లిపోయాడు.

గెలిచిన వంటకాన్ని జూబ్లీహిల్స్‌లోని ఒక పెద్ద హోటలు తన మెనూలో పెడుతుంది. లీలాకుమారికి కావలసింది అదే. భీమిలి దగ్గర సముద్రంలో కలిసే గెడ్డలో ఆమె, ఆమె వీధి ఆడవాళ్లు కలిసి ఈ చిప్పలు పెంచుతున్నారు. పెంచడమైతే వచ్చింది గానీ కొనేవాళ్లు దొరకలేదు. ఈసారీ కుదరకపోతే చిప్పలు పెంచే తెప్పలు విప్పేద్దామని వచ్చేముందే అందరూ అనుకున్నారు.

సెట్లో పనిచేసే జంగయ్య ఐసు తెచ్చి పళ్లెంలో పోస్తూ వంగి చూశాడు.

"ఏందక్కా, గివి తింటరా? సున్నం జేస్తరనుకున్న."

"చిప్పతో సున్నం చేత్తారన్నా. లోపలున్నది తింటారు."

ఇంతలో శారదాదేవి వచ్చి జడ్జి కుర్చీలో కూర్చుంది. సినిమాల్లో అమ్మ వేషాలకు పెట్టింది పేరు. డెబ్బై దాటినా సెట్లో అందరూ ఆమెకు లేచి నిలబడతారు. ఏ వంటకమైనా ముందు సెట్లోవాళ్లకు పెట్టించి, వాళ్లు తింటుంటే చూసి, ఆ తర్వాతే తను చెంచా పట్టుకుంటుంది. ఆమెది పెద్ద మనసని అందరూ చెప్పుకుంటారు.

మొదట టోలిచౌకి నుంచి వచ్చిన మరో పోటీదారు స్ఫూర్తి మటన్ మరగ్ సూపు వడ్డించింది. లైట్‌బాయ్‌లు, కెమెరావాళ్లు గిన్నెలు ఊదుకుంటూ తాగి మళ్లీ పోయించుకున్నారు. శారదాదేవి ఒక చెంచా నోట్లో పెట్టుకుని, "కమ్మగా చేశావమ్మా," అంది. అందరూ చప్పట్లు కొట్టారు.

తర్వాత లీలాకుమారి పళ్లెం వచ్చింది.

"రండయ్యా, ముందు మీరు తినండి," అంది శారదాదేవి.

ఎవరూ కదల్లేదు.

"ఇయ్యాల నాకు శనివారం, నీసు ముట్టనమ్మా," అన్నాడు ఇందాక మరగ్ రెండుసార్లు తాగిన జంగయ్య. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

"నువ్వు, సిద్ధార్థా?"

"నా వల్ల కాదమ్మా."

శారదాదేవి కాసేపు పళ్లెం వంక చూసింది. లీలాకుమారి బతిమాలలేదు. ఒక చిప్ప తీసి, కత్తి మొన మూలకి గుచ్చి తిప్పింది. అది టక్కుమని విడిపోయింది. లోపల పాలమీగడ రంగులో మెత్తటి కండ, దాని చుట్టూ తేటగా కాసిన్ని నీళ్లు.

"ఇది ఎలా పెరుగుతుంది?" అని అడిగింది శారదాదేవి.

"పాత చిప్పలు తాడుకి గుచ్చి, వెదురు తెప్పకి కట్టి గెడ్డలోకి వేలాడదీత్తామండి. పోటుతో వచ్చిన చిప్పపిల్లలు వాటికి అంటుకుంటాయి. మేత మనం ఎయ్యక్కర్లేదు, నీళ్లే పెంచుతాయి. వానాకాలంలో చప్పగా ఉంటాయి, అప్పుడు తియ్యం. నీళ్లు ఉప్పెక్కాక తీసి, శుభ్రం చేసి తెత్తాం."

"నిమ్మకాయ పిండుకోవాలా?"

"ముందు ఉత్తిదే తినండమ్మా. ఆ నీళ్లు మాత్రం పారబొయ్యకండి."

శారదాదేవి చిప్ప అందుకుంది. ఒక్క క్షణం ఆగి, పెదవులకు ఆనించి పైకెత్తింది. నమిలింది. కళ్లు మూసుకుంది. ఎంతసేపటికీ తెరవలేదు.

షూటింగ్ ఆపమని చెప్పడానికి సిద్ధార్థ చెయ్యెత్తాడు. శారదాదేవి కళ్లు తెరవకుండానే, వద్దని చేత్తో వారించింది.

"ఇంకొకటి ఇవ్వమ్మా," అంది.

రెండోది కూడా ఉత్తిదే తింది. మూడోదాని మీద లీలాకుమారి నిమ్మరసం పిండి, పచ్చిమామిడి తురుము కొంచెం వేసి ఇచ్చింది. అదీ తిని, నాలుగోదానికి చెయ్యి చాపింది.

సిద్ధార్థ ఇక ఉండబట్టలేక దగ్గరికొచ్చి ఒకటి నోట్లో వేసుకున్నాడు. మొహం చిట్లించబోయి ఆగిపోయాడు.

"ముందు ఉప్పగా తగిలి, తర్వాత లేత కొబ్బరిలా ఉందండీ," అంటూ రెండోది తీసుకున్నాడు.

"జర నాకొకటియ్యక్కా," అన్నాడు జంగయ్య.

"నీకు శనివారం కదన్నా?"

"పోయిందక్కా శనివారం."

కెమెరావాళ్లు వచ్చారు, లైట్‌బాయ్‌లు వచ్చారు. స్ఫూర్తి కూడా ఒకటి తిని, "నేనే ఓడిన లే అక్కా," అని నవ్వేసింది. లీలాకుమారి కత్తి ఆడుతూనే ఉంది. పళ్లెంలో చివరికి ఐసు నీళ్లే మిగిలాయి.

శారదాదేవి కుర్చీలోంచి లేచి, లీలాకుమారి తడి చేతిని పట్టుకుని పైకెత్తింది. సెట్టంతా చప్పట్లతో మోగిపోయింది. జంగయ్య ఈల వేశాడు. తెప్పలు విప్పక్కర్లేదు. ఆ మాట ఇంటికి ఎలా చెప్పాలో తెలియక లీలాకుమారి నవ్వుతూ అలాగే నిలబడిపోయింది.

"అమ్మా, ఆ రుచి ఎలా ఉందో మన ప్రేక్షకులకు ఒక్క మాట చెప్పండి," అన్నాడు సిద్ధార్థ.

శారదాదేవి నాలుకతో పెదవి తడుముకుంది.

"రెండేళ్ల కిందట వచ్చిన జ్వరంతో నా నోటికి రుచి పోయింది బాబూ. ఇన్నాళ్లూ మీ కెమెరా ముందు నటిస్తూ వచ్చాను. ఇవాళే ఉప్పు తెలిసింది."