నక్షత్రం పెట్టని చోటు

"రాధా, సరిపోయినాయంట! రెండు ప్రతులూ అక్షరం తేడా లేకుండా సరిపోయినాయంట!"

ఆదోని కాలేజీలో తెలుగు చెప్పే భీమరావు, యూనివర్సిటీ నుంచి వచ్చిన కార్డు ఊపుతూ సైకిలు మీంచి దూకాడు. పెళ్ళయి మూడు నెలలు. ఇంకో రోజైతే ఆ దూకుడుకే రాధాబాయి అరగంట నవ్వేది. ఇవాళ పిండిలో చెయ్యి పిండిలోనే ఉండిపోయింది.

"మొహం అట్ల పెట్టినావేమి? బజ్జీలు తేలేదని అలిగినావా?"

ఆ ఏడు యూనివర్సిటీ వాళ్ళు కూలీల పాటలు కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నారు. ఒకే పాటను ఇద్దరు విడివిడిగా విని రాయాలి. ఆదోనిలో రాధాబాయి, ఎమ్మిగనూరులో అబ్రహాం మాస్టారు. గుర్తులు వారం రోజులు కూర్చోబెట్టి నేర్పారు. చరణానికి అంకె. అనుమానమున్న మాటకు ప్రశ్నార్థకం. పాడేవాళ్ళు మరిచిన చోట నక్షత్రం. సొంత మాట ఒక్కటీ చేర్చకూడదు.

పత్తి మిల్లులో పనిచేసే ఉచ్చీరమ్మ ఒక పాట పాడింది. చరణానికో పైరు: కొర్ర, జొన్న, సజ్జ, కంది, వేరుశనగ బుడ్డలు. 'పైర్ల పాట' అని రాధాబాయే పేరు పెట్టింది. ఆరో చరణం దగ్గర ముసలామె ఆగిపోయింది.

"ఇంగోటి ఉండాదమ్మా. యాన్నో పారేసుకున్యా."

రాధాబాయి నక్షత్రం పెట్టలేదు. కొత్త కాపురం హుషారు. పత్తి మీద తనే కట్టేసింది:

"పత్తికాయ పగిలితే పట్టపగలే వెన్నెల
నా ఇంటి ముంగిట్లో నడిచొచ్చే వెన్నెల"

రాసింది చదివి వినిపించాలన్నది నియమం. వినిపించింది. ఉచ్చీరమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, "ఇంగోసారి సదువు" అంది.

మాస్టారి ప్రతిలో అక్కడ నక్షత్రం ఉంటుందని, తన దొంగతనం బయటపడుతుందని రాధాబాయికి నెల రోజులుగా గుబులు. బయటపడలేదు.

"ఎమ్మిగనూరులో కూతురింటికి పోయినప్పుడు అవ్వ మాస్టారికి గూడా అదే పాడిందంట" అన్నాడు భీమరావు.

అబద్ధం తనది. ఇప్పుడు దాన్ని ఇంకొకరి నోట కూడా పెట్టింది.

చెయ్యి కడుక్కుని మిల్లు గేటు దగ్గరికి నడిచింది. ఉచ్చీరమ్మ నీడలో కూర్చుని రొట్టె తింటోంది.

"అవ్వా, తప్పు చేసినాను. ఆ ఆరో చరణం..."

"నీ కడుపు సల్లగుండ! నువ్వు సదువుకున్నదానివి, యాడో ఎతికి పట్టుకొస్తివి" ఉచ్చీరమ్మ ఆమె రెండు చేతులూ పట్టేసుకుంది. "మా యమ్మ ఆరుమంది బిడ్డలకు తలా ఒక సరణం కట్టి పాయె, కడగొట్టుదాన్ని నేను నా సరణమే మర్సిపోతిని గదమ్మా, రేపు కోసిగికి పోయి, దొరికెనే అమ్మా అని, ఆయమ్మను పూడ్సిన కాడ కూసోని పాడొస్తా."