నాయన పోలిక

"గట్టిగా పీల్చమ్మా... వదులు," అంటూ డాక్టర్ మోహన్‌కృష్ణ రూపశ్రీ వీపు మీద స్టెతస్కోపు ఆనించాడు. పిల్లికూతలు స్పష్టంగా వినిపించాయి.

"ఈ ఇన్‌హేలర్ ఎవరు రాసిచ్చారు?"

"ఎవురూ రాసియ్యలేదు సార్. మా నాయనది. ఆయనకు శానా ఏండ్లుగా ఆయాసం. నాకు పోయినేడు మొదలైంది. ఒకే రక్తం గదా, ఆ మందే పనిజేస్తాదనుకున్యాం."

"నేనే ఇచ్చినాను సార్," అన్నాడు పక్కన కూర్చున్న మునివెంకటప్ప.

చిత్తూరు దగ్గర బెల్లం పొయ్యిల ముందు పొగ మింగి బతికిన మనిషి. కూతురికీ ఉబ్బసమే అని తెలిసినరోజు ఊరంతా అయ్యో అంటే, ఆయన మాత్రం "అంతా నా పోలికే" అని వీధంతా చెప్పుకు తిరిగాడు. అది తలుచుకుంటే రూపశ్రీకి ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

"మా అత్త రోజూ దెప్పుతాది సార్. మీ నాయన రోగం మా ఇంటికి తెచ్చినావు, రేపు కడుపులో బిడ్డకూ వస్తాదని." ఆమె కడుపు మీద చెయ్యి వేసుకుంది. "వస్తాదా సార్?"

"ఖచ్చితంగా వస్తుందని చెప్పలేం. జన్యువులు ఒక కారణం మాత్రమే, పొగా దుమ్మూ కూడా కలవాలి. అయితే మీ నాన్నకు పనిచేసే మందు నీకు సరిగా పనిచేయడం లేదు. జన్యువుల్లో తేడా ఉండొచ్చు. ఇద్దరి రక్తం పోల్చి చూస్తే కొంత తెలుస్తుంది."

రూపశ్రీ వెంటనే చెయ్యి చాపింది. మునివెంకటప్ప రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"నాకొద్దు సార్. సూదంటే భయం."

"భయమా! ఊళ్ళో ఎవురికి ఆపరేషనైనా పోయి రక్తం ఇచ్చొస్తావే! నా బిడ్డ కోసం ఒక్క చుక్క ఇయ్యలేవా నాయనా?"

"పరీచ్చలెందుకు పాపా? నా రోగమే, నా తప్పే. మీ అత్తకూ అట్లే చెప్పు."

"నీ తప్పు ఎవురికి గావాల?" రూపశ్రీ ఏడుస్తూ లేచి బయటికి వెళ్ళిపోయింది.

డాక్టరుకూ కోపం వచ్చింది. "ఏం మనిషివయ్యా! ఆ జబ్బు నీ నుంచే వచ్చిందని తేలిపోతుందనా నీ భయం?"

మునివెంకటప్ప లేచి తలుపు దగ్గరికి వేశాడు. బయట కూతురు దగ్గుతోంది. ఆ దగ్గు ఆగేదాకా అక్కడే నిలబడ్డాడు.

"అట్లా తేలితే నాకు పండగే సార్. నేనొక మాట చెప్తాను, పాపకు మాత్రం చెప్పొద్దండి."

"చెప్పను."

"పాప మాకు పుట్టలేదు సార్."