తీతువు గుడ్డు

"ఆగరా, కదలకు," అంది మేనత్త.

అప్పటికే అతని బూటు కింద ఏదో చిట్లింది. కాలు ఎత్తి చూశాడు. గులకరాళ్ళ మధ్య గులకరాయిలాగే ఉన్న గుడ్డు. పక్కనే ఇంకో మూడు. నెత్తి మీద తీతువు పిట్ట అరుచుకుంటూ గిరికీలు కొడుతోంది.

"చూడలేదత్తయ్యా." అతని చెవులు వేడెక్కాయి.

"చూసి ఎవరు తొక్కుతారురా? చూడకుండానే తొక్కేది." ఆమె వంగి, చీమలు పట్టకుండా పెంకులు ఏరి దూరంగా పారేసింది. "రాసుకో. తీతువు, మూడు గుడ్లు." మళ్ళీ తనే, "నాలుగనే రాయి. మనం వచ్చేసరికి నాలుగున్నాయిగా," అంది.

రాశాడు.

ఆ చిత్తడి నేలలో తుంగ కోసి చాపలల్లి బతికిన మనిషి ఆమె. తల్లిలేని మేనల్లుణ్ణి ఆ చాపల మీదే పడుకోబెట్టి పెంచి, చదివించి, ఆఫీసులో కుర్చీ ఎక్కించింది. ఇక్కడ గోదాములు కడతారనీ, ముందుగా ఏయే జీవాలున్నాయో చూసి నివేదిక రాయాల్సింది మీవాడేననీ నిన్న ఎవరో ఆమెతో చెప్పారు. తెల్లారేసరికి అతని గుమ్మంలో ఉంది. "నడు, నేను చూపిస్తా," అంటే కాదనడానికి అతనికి నోరు రాలేదు.

చీమ కనబడితే కాలు పక్కకు వేస్తాడని ఇంటా బయటా అతనికి పేరు. రోజూ పిట్టలకి గింజలు చల్లి, పూజ ముగించాకే మంచినీళ్ళు ముట్టేది. నివేదిక అలాంటివాడి చేతిలో పడింది కాబట్టి బెంగలేదని తోటి చాపలవాళ్ళందరికీ ఆమె మాట కూడా ఇచ్చేసి వచ్చింది.

"ఆఫీసు కాగితాలు ఏవిరా? పిల్లల నోటుపుస్తకం తెచ్చుకున్నావు?"

"తర్వాత ఎక్కించుకుంటాను."

తుంగ పాయ తీసి చూపించింది. నీటికోడి, వెనకాల వరసగా ఆరు పిల్లలు. మట్టి గడ్డలా కదలకుండా ఉన్న తాబేలు. నీళ్ళ మీద వంగిన కొమ్మకి వేలాడే గిజిగాడి గూళ్ళు. అవతలి ఒడ్డున తల పైకెత్తి, వీళ్ళని చూసి, బుడుంగున మునిగిన నీరుకుక్క.

"ఇదేనా నువ్వు రావడం, చిన్నప్పటి తర్వాత?"

"ఆఫీసులో తీరిక ఉండదత్తయ్యా."

గట్టు పొడవునా ఎర్రరంగు పూసిన కొయ్యలు దిగేసి ఉన్నాయి. ఆమె ఒకదాన్ని కాలితో కదిపి చూసింది. "ఇవేంటి?"

"కొలతలకి."

"నువ్వు రాసిచ్చేదాకా ముట్టుకోరు కదా?"

"నివేదిక చేరనిదే పని మొదలుపెట్టరు."

"హమ్మయ్య," అని ఆమె ఊపిరి పీల్చుకుంది. అతను మాత్రం కొయ్యల వైపు చూడలేదు.

"ఇవన్నీ దేనికి పనికొస్తాయని అడుగుతారత్తయ్యా, పైవాళ్ళు," అన్నాడు కొంచెంసేపటికి.

"నిన్ను ఒళ్ళోకి తీసుకున్నప్పుడు దేనికి పనికొస్తావని అడిగానా నేను? దేవుడు వీటికి ఇక్కడ ఇల్లు రాశాడు. మన సంతకం అడిగి రాయలేదు."

అతను తల వంచుకుని రాసుకుంటూ పోయాడు. ఎండెక్కేసరికి రెండు పేజీలు నిండాయి. మొత్తం ముప్ఫై ఒక్క రకాలు. ఆమె చదవలేకపోయినా పుస్తకం తీసుకుని, పేజీల మీద అరచేత్తో నిమిరింది.

"నీ చేతి మీదుగా ఇన్ని ప్రాణాలు నిలబడతాయి. ఈ పుణ్యం చాలురా నీకు," అంటూ అతని తల మీద చెయ్యి వేసింది.

అతను ఆ చెయ్యి కింద నిలబడలేక పక్కకు జరిగి, బూటును గడ్డికేసి రుద్దసాగాడు. సొన ఎండి అంటుకుపోయింది. ఎంత రుద్దినా పోలేదు. పిట్ట ఇంకా అరుస్తూనే ఉంది.

"ఒక్క గుడ్డుకి అంత కుమిలిపోతావేంటిరా? చూడక చేశావు. వెళ్ళి నివేదిక రాయి, అదే ప్రాయశ్చిత్తం."



కుర్చీలోంచి లేవకుండానే, 'జీవాలేవీ లేవు' అని అతను రాసిచ్చి అప్పటికి నెలయింది.