అరగంట పని

"ఇంకో అరగంట పని మిగిలింది సార్," అంది వాన్-రూ.

"పనిచేస్తోందా, లేదా?" అన్నాడు మేనేజర్ లియావ్.

"చేస్తోంది. కానీ..."

"చేస్తుంటే ఇంకా కానీలేంటి? ప్రతిదానికీ ఓ నస నీకు!"

వాన్-రూ నోరు మూసుకుంది. షిన్చు ఊళ్ళోని ఆ కంపెనీలో ఇరవై రెండేళ్ళుగా ఆమె ఉద్యోగంలో సగం పెట్టెలతో కుస్తీ, మిగతా సగం నోరు మూసుకోవడం.

బల్ల మీద అరచేతిలో పట్టేంత పెట్టె. కంప్యూటర్‌కి తగిలిస్తే అదే కెమెరా, అదే మైకు, అదే కీబోర్డు కావాలి. లోపల పెట్టెని నడిపే ప్రోగ్రాం, కెర్నెల్ అనే ఘనుడొకడు ఉంటాడు. వాడి ముందు ఓ ఫోల్డర్ తెరిచి కెమెరా అని పేరు పెడితే, పెట్టె కెమెరా అయి కూర్చుంటుంది. నంబరూ వేగమూ చిన్నచిన్న ఫైళ్ళలో రాసివ్వాలి. ఒక్కటి ముందూ వెనకా అయిందా, 'ఖాళీ లేదు పో' అంటాడు. పదమూడు రోజులు వాడి గడ్డం పట్టుకుని బతిమాలితే ఇవాళ పొద్దున్న మూడూ కుదిరాయి.

పెట్టె పక్కన ఆకుపచ్చ చిరుతిండి పొట్లం. ఆ ఊళ్ళో యంత్రం మొరాయించకూడదంటే అది పెట్టాల్సిందే. పేరు గ్వాయ్‌గ్వాయ్. అంటే, బుద్ధిగా ఉండమని.

రెండింటికి ఒసాకా నుంచి కొనేవాళ్ళు వస్తున్నారు. వాళ్ళు సరేనంటే లియావ్ డైరెక్టర్ అవుతాడు. పోయినసారి వాళ్ళు అతన్ని వదిలేసి ప్రశ్నలన్నీ వాన్-రూనే అడిగారు. ఆ కడుపుమంట అతనికింకా చల్లారలేదు.

పదకొండింటికి హెచ్చార్ పెయ్-చి వచ్చింది. చేతిలో కాగితం. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అక్కా, ఏమనుకోకు... ఇవాళ్టితో నీ ఉద్యోగం..."

"ఇవాళ్టితోనా? మధ్యాహ్నం ఒసాకా వాళ్ళొస్తున్నారుగా!"

"సార్ పన్నెండింటికల్లా పంపించెయ్యమన్నారు."

తన పదమూడు రోజుల కష్టమూ ఇక లియావ్ తనదని చెప్పుకుంటాడన్నమాట. వాన్-రూకి ఒళ్ళు మండిపోయింది. నేరుగా అతని గదికి వెళ్ళింది.

"పోతాను సార్. ఆ అరగంట పని మాత్రం చేసి పోతాను."

"కెలికి పాడు చేద్దామనా? పెట్టె మీద చెయ్యి వేశావో, సెక్యూరిటీని పిలుస్తా. ఇన్నాళ్ళూ బుద్ధిగా ఉన్నావు, ఈ ఒక్కపూటా చెప్పినట్టు విను. ఆ కాగితంలో ఏముంటే అది చేసి వెళ్ళు."

వింది.

కాగితంలో తొమ్మిది పనులు. కార్డు ఇచ్చేసింది. తాళంచెవులు ఇచ్చేసింది. టీ కప్పు, వానకోటు సంచీలో వేసుకుంది. తొమ్మిదోది: బల్ల దగ్గర కరెంటు మొత్తం ఆపి సంతకం చెయ్యాలి.

"పెట్టెకి కూడానా?" అని అడిగింది.

"రూలంటే రూలే అక్కా. లేకపోతే నా పీకకి చుట్టుకుంటుంది," అంది పెయ్-చి. "సార్ వచ్చి మళ్ళీ వేసుకుంటార్లే."

వాన్-రూ పెట్టె వంక చూసింది. ఏడుపొచ్చింది. పచ్చ పొట్లాన్ని సరిగ్గా నిలబెట్టి, స్విచ్ ఆపి, బుద్ధిగా సంతకం పెట్టింది.

కరెంటు పోగానే కెర్నెల్ ముందు తెరిచిన ఆ ఫోల్డర్లన్నీ ఆనవాలు లేకుండా మాయమవుతాయి. మళ్ళీ స్విచ్ వెయ్యగానే వాటిని పుట్టించే నాలుగు వరుసల ప్రోగ్రాం పెట్టె డిస్కులో రాసిపెట్టడానికే ఆమె అడిగింది, ఆ అరగంట.