చెవులు కుట్టే అమ్మ

“కుట్టను అత్తయ్యా. కుట్టను గాక కుట్టను!”

అంటున్నప్పుడు ఆమె చేతిలో మిషను ఉంది. చూడ్డానికి బొమ్మ తుపాకీలా ఉంటుంది. నగల షాపులో ఒక మూల, చిన్న అద్దాల గదిలో కూర్చుని, దాంతో రోజంతా పిల్లల చెవులు కుట్టడమే ఆమె ఉద్యోగం. ఎదురుగా గిరాకీలు కూర్చునే కుర్చీలో అత్తగారు. అత్తగారి ఒళ్ళో ఏడు నెలల పాప.

చెప్పాపెట్టకుండా పాపను చంకనేసుకుని తిన్నగా షాపుకే దిగబడిందావిడ. తోడుగా కొడుకునీ లాక్కొచ్చింది. అతను ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. ఎవరింట్లోనో పని మధ్యలో వదిలేసి వచ్చినట్టున్నాడు, భుజాన సంచీ కూడా దించకుండా తలుపు దగ్గరే నిలబడ్డాడు.

“ఊరందరి పిల్లలకీ కుడతావు. కన్నకూతురి దగ్గరికొచ్చేసరికి చేతులు పడిపోయాయా?” అంది అత్తగారు.

“ఊరందరూ అడిగి కుట్టించుకుంటున్నారు. నేను అడగలేదు.”

“బాగుంది! దారిలో బస్సులో ఒకావిడ, ‘బాబు ముద్దుగా ఉన్నాడు, పేరేంటండీ?’ అంది. ఆడపిల్ల తల్లీ అని చెప్పుకోలేక చచ్చాను.”

“బాబు అంటే ఏం పోయింది? ముద్దుగా ఉందనేగా అంది! దాని చెవులు దానివి అత్తయ్యా. పెద్దయ్యాక అదే అడిగితే నేనే కుడతాను.”

“పెద్దయ్యాక నొప్పి గుర్తుండిపోతుంది. ఇప్పుడైతే ఓ ఏడుపు ఏడ్చి మర్చిపోతుంది. నీకు కుట్టింది నీకు గుర్తుందా? నాకు గుర్తుందా?”

ఇంట్లో రోజూ జరిగే రామాయణమే ఇది. ఇవాళ షాపుదాకా వచ్చింది. ఆమెకు తల పగిలిపోతోంది. మొగుడి వైపు తిరిగింది.

“మీరు మాట్లాడరేం?”

“నన్ను మధ్యలోకి లాగకండి బాబూ,” అన్నాడతను మెడ గోక్కుంటూ. “అమ్మ చెప్పిందీ నిజమే, నువ్వు చెప్పిందీ నిజమే.”

“ఇంట్లోనూ ఇదే మాట, ఇక్కడా ఇదే మాట. దానికి మీరిక్కడిదాకా రావడం దేనికి?”

అద్దం తలుపు తోసుకుని ఓనరు తల లోపలికి పెట్టాడు. “ఏమ్మా, బయట జనం కూర్చున్నారు. మీ ఇంటి పంచాయితీ ఇంటికెళ్ళి చూసుకోకూడదూ?” అని కసిరి, తర్వాతి గిరాకీని లోపల బెంచీమీద కూర్చోబెట్టి వెళ్ళాడు. ఒక తల్లి, ఆమె ఒళ్ళో రెండేళ్ళ పిల్ల.

ఆమెకు తల కొట్టేసినట్టయింది. అత్తగారు మాత్రం కుర్చీలోంచి అంగుళం కదల్లేదు.

“సరే, నువ్వు కుట్టకు. పక్క షాపులో నేనే కుట్టిస్తాను. నువ్వు డ్యూటీకి వచ్చేస్తే పిల్ల ఉండేది నా దగ్గరేగా! సాయంత్రం వచ్చి చూసుకో.”

ఆ మాటతో ఆమెకు కళ్ళనీళ్ళు తిరిగాయి. గొంతు తగ్గించింది.

“అత్తయ్యా, ఈ కుర్చీలో కూర్చున్న ప్రతి పిల్లా ముందు నన్ను చూసి నవ్వుతుంది. చెవి పక్కన ఇది టక్కుమన్నాక ఇంక నా మొహం చూడదు. నేను చెయ్యి చాపితే చాలు, గుక్కపట్టి ఏడుస్తుంది. పరాయి పిల్లలు కనక ఇంటికెళ్ళి అన్నం తినగలుగుతున్నాను. నా పిల్ల నన్ను చూసి హడలిపోతే నా వల్ల కాదు.”

“చాల్లే సంబడం! ఇది హడలిపోయే రకం కాదు. చీమ కుట్టినట్టుంటుంది, అంతే.”

ఓర్పు ఇంక మిగల్లేదు. ఆమె విసురుగా లేచింది.

“హడలిపోదా? చూడండి మరి. ఇందులో దుద్దు లేదు, ఏం లేదు. ఉత్త చప్పుడుకే ఎలా ఝడుసుకుంటుందో మీ కళ్ళతోనే చూడండి!”

పాప కుడిచెవి పక్కన ఉత్త మిషను పెట్టి నొక్కింది.

టక్!

బెంచీమీది పిల్ల ఎగిరిపడి, తల్లి మెడ కరుచుకుని బావురుమంది. తలుపు దగ్గర మొగుడి భుజాలు కూడా ఒక్కసారి అదిరాయి. పాప మాత్రం నానమ్మ కళ్ళజోడు తాడు పట్టుకుని లాగుతోంది. లాగడం మానలేదు.

“చూశావా!” అత్తగారి మొహం వెలిగిపోయింది. “నా మనవరాలంటే ఏమనుకున్నావు! అదరదు, బెదరదు!”

మొగుడు నవ్వేశాడు. “అమ్మే గెలిచిందిలే. కానిచ్చెయ్.”

ఆమె నవ్వలేదు. పాప తల వెనక్కి వెళ్ళింది. ఎడమచెవి దగ్గర నొక్కింది. టక్. ఇంకా దగ్గరగా పెట్టింది. టక్. పాప తాడు చివర నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది.

“ఇంకా ఎన్నిసార్లు చూస్తావే? పోగులు పెట్టి నిజంగా కుట్టెయ్, ఆ గిరాకీ కూర్చుని ఉంది,” అంటోంది అత్తగారు.

ఆమె బల్లమీది స్టీలు ట్రేని, అందులోని సీసాలతో సహా ఎత్తి నేలకేసి కొట్టింది.

షాపు మొత్తం ఇటు తిరిగింది. కౌంటర్లవాళ్ళు లేచి నిలబడ్డారు. ఓనరు పరుగెత్తుకొచ్చాడు. అత్తగారు “ఓరి నాయనో!” అంటూ గుండెమీద చెయ్యేసుకుంది. ఆవిడ ఒళ్ళో పాప ఆవులించింది. పక్కకొచ్చిన అమ్మ మొహం కనబడగానే బోసినోటితో నవ్వింది.

ఆమె మోకాళ్ళమీద కూలబడింది. మిషనును మళ్ళీ ఆ చిట్టి చెవికి ఆనించి, ఆపకుండా నొక్కుతూ బతిమాలుతోంది:

“భయపడవే తల్లీ... ఒక్కసారి... ఒక్కసారి వినబడి ఉలిక్కిపడవే!”