రోజుకొక రికార్డు

“ఇదా?”

ఆయన రెండుసార్లు రెప్పలార్పారు. వద్దు.

“పోనీ ఇది?”

మళ్లీ రెండుసార్లు.

ఆమె విసుక్కోలేదు. ఆ రికార్డు అరలో పెట్టేసి పక్కది తీసింది. చక్రాల కుర్చీలో ఉన్న భర్త ముఖానికి ఎదురుగా పట్టుకుంది. ఈసారి ఒక్కసారే ఆర్పారు. అంటే సరే.

మెదడులో నరం చిట్లి పదిహేను నెలలైంది. మెడ కింద ఏదీ కదలదు. మాట పోయింది. మిగిలినవి రెప్పలూ చెవులూ. ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చిన మర్నాటి నుంచి ఆమె ఆయనకి రోజుకొక జాజ్ రికార్డు వినిపిస్తోంది. రెండు వైపులా, పూర్తిగా. ఏది కావాలో ఆయనే చెప్పాలి. అన్నీ వద్దంటే మాత్రం కళ్లు మూసుకుని చేతికి దొరికింది పెట్టేస్తుంది.

చూడటానికొచ్చిన మిత్రుడు ఆ రికార్డు కవరు చూసి నోరు తెరిచాడు. ఊళ్లో కళ్లద్దాల షాపు అతనిది. పాతికేళ్లుగా రికార్డుల పిచ్చిలో ఆయనకి జోడీ.

“ఇదేంటి బావా! సబ్బుల కంపెనీవాడు ఊరికే పంచిన రికార్డు కదా ఇది! నువ్వే దీన్ని టీ కప్పు కింద పెట్టుకునేవాడివి!”

“జబ్బు చేశాక అంతే అన్నయ్యగారూ” అంది ఆమె. “మంచివన్నీ వద్దంటారు. చెత్తే అడుగుతారు.”

“అయ్యో, రుచి కూడా పోయిందా!”

గదిలో రెండు గోడలకీ కింది నుంచి పైకప్పు దాకా రికార్డులే. ఒకప్పుడు ఇక్కడ సూది దిగిందంటే వంటింట్లో గిన్నె చప్పుడు కాకూడదు. దగ్గొస్తే వీధిలోకి పోయి దగ్గాలి. పెళ్లాం పిల్లలు రికార్డు ముట్టుకుంటే మైలపడినట్టే. ఇప్పుడు ఆమె అంచులు పట్టుకుని, వేలు గాడి మీద పడకుండా ఎంత ఒడుపుగా తీస్తోందో చూసి మిత్రుడు ముచ్చటపడ్డాడు.

“ఎప్పుడు నేర్చుకున్నావు చెల్లెమ్మా?”

“ముప్పై ఏళ్లు చూశాను కదా.”

అతను ఎడమ గోడవైపు చేయి చాపాడు. అక్కడి కవర్లన్నీ వెనక్కి తిప్పి ఉన్నాయి.

“అవి వద్దండీ. అవి అయిపోయినవి. విన్నది మళ్లీ పెట్టను.”

“అబ్బో, పద్ధతే! మరి సీడీలేవి?”

“కసరత్తు చేయించే నర్సమ్మకి ఇచ్చేశాను. ఈయన ప్రాణమంతా వీటిలోనే కదా.”

టీ ఇచ్చింది. అతను ఊదుకుంటూ అడిగాడు, “అమ్మాయి బాగుందా?”

“బాగుంది. మొన్న ఫోన్ చేసింది.”

“ఆరేళ్లప్పుడు ఒక రికార్డు మీద పువ్వు గీసింది, గుర్తుందా? అబ్బ, బావ ఆరోజు ఎంత గోల చేశాడు! ఒక్కటిచ్చాడు కూడాను.”

“ఒక్కటే. ఎడమ చెవి మీద.”

“ఇప్పటికీ ఆ చెవి...”

“వినపడదు. పంచదార సరిపోయిందా?”

సరిపోయిందన్నాడు. కప్పు పెట్టేసి లేచాడు. స్టూలెక్కి పై అరలో చివరగా ఉన్న గుడ్డ సంచీ దించాడు. కుర్చీలో ఆయన కళ్లు పెద్దవయ్యాయి.

ఆ సంచీలో ఉన్నది ఆయన ప్రాణం. చిన్న హాల్లో ఇద్దరే వాయించినది. ఒక సాక్సఫోన్, ఒక బేస్. వాయించిన నెలకే సాక్సఫోన్ మనిషి పోయాడు. మూడు వందల కాపీలే అచ్చయ్యాయి. ఏటా తన పుట్టినరోజునాడు ఆయన తలుపేసుకుని ఒక్కడే వినేవారు. పాతికేళ్లలో ఒక్కసారి కూడా మిత్రుణ్ణి లోపలికి రానివ్వలేదు.

“ఇవాళ ఇది విందాం బావా!”

రెండుసార్లు. వెంటనే మళ్లీ రెండుసార్లు. మళ్లీ. మళ్లీ.

“వద్దంటున్నారు అన్నయ్యగారూ. రెండుసార్లంటే వద్దని.”

“వాడి మొహం! అరిగిపోతుందని భయం వాడికి. ఇంకా ఎవరి కోసం దాచుకుంటావు బావా?”

రోజుకి ముప్పై మంది కళ్లల్లోకి లైటు వేసి చూసే మనిషి. కళ్ల సంగతి అతనికి ఇంకొకరు చెప్పాలా?

“మీరు పెట్టమన్నారనే పెడుతున్నాను” అంది ఆమె. “ఆయన మాట నేనెప్పుడూ దాటలేదు.”

సూది దిగింది. ఎవరో చీకట్లో గోడ తడుముకుంటూ నడుస్తున్నట్టు బేస్ మొదలైంది. దాని మీదకి సాక్సఫోన్ వచ్చింది. పాట కంటే ముందు ఆ మనిషి ఊపిరి వినపడింది. ఎక్కడా చిన్న చిటపట లేదు. అంత శుభ్రంగా ఉంది రికార్డు. ఆయన కళ్లల్లోంచి నీళ్లు చెంపల మీదుగా కారుతున్నాయి. మిత్రుడు తన జేబురుమాలుతో తుడిచాడు.

“ఏడవనీ చెల్లెమ్మా. ఇంత సుఖం ఎవరికి రాసిపెట్టి ఉంటుంది!”

రెండో వైపు కూడా అయింది. అతను గుమ్మం దాకా వచ్చి చెప్పులేసుకుంటూ అన్నాడు, “నిన్ను చూసి మా ఆవిడ నేర్చుకోవాలి. ఒంటి మీద ఒక్క పుండు లేకుండా చూసుకుంటున్నావు.”

“ఇలాగే చూసుకుంటే మూడేళ్లకి ఢోకా లేదన్నారు డాక్టరుగారు.”

“ఇంకా ఎక్కువే ఉంటాడు, చూడు.”

“మూడేళ్లు చాలండీ. ఇంకో పదకొండు వందలున్నాయి. రోజుకొకటి.”

 మిత్రుడు ఆమెకి చేతులు జోడించి మెట్లు దిగాడు.

అతను వీధి మలుపు తిరిగేదాకా ఆమె గుమ్మంలో నిలబడి చేయి ఊపి, లోపలికొచ్చి గడియ పెట్టి, కుర్చీ ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుని, రికార్డు ఒళ్లో పెట్టుకుని, జడలోంచి పిన్ను తీసి, ఎడమ గోడ మీద ఉన్నవాటన్నిటికీ చేసినట్టే, ఆయన చూస్తుండగా, ఆరేళ్ల పిల్ల గీసిన వంకరటింకర పువ్వును దాని మీద కూడా గీయసాగింది.